కొత్త బల్లకు పాత దెబ్బలు

ఫోన్ల ఫోటో చూపెట్టింది డాక్టరమ్మ.
"ఆచారీ, బల్ల కొత్తదే కావాలె,
చూస్తే మాత్రం నూరేండ్లది అనిపియ్యాలె."

పానగల్లు రోడ్డు మీద మూడంతస్తుల ఇల్లు.
కింద దవాఖాన, నడుమ కాపురం,
ఆ నడుమల, అన్నం తినేటందుకే ఒక అర్ర.
దానికి ఊరి వేషం కట్టాలె.

నలభై ఏండ్లు ఈ చేతులు నేర్చింది ఒక్కటే:
గీత పడొద్దు, గంటు పడొద్దు.
పదేండ్లప్పుడు ఉలి జారి దర్వాజకు గంటు పడితే
నాయిన నోరు మెదపలే,
బాడిసె తిరగేసి కామతో యేలి గెనుపు మీద ఒక్కటి.
ఇప్పటికీ చలికాలం ఆ గెనుపే ముందు గుంజుతది.

అసువంటి చెయ్యి
బాయిగిలక గొలుసు చుట్టుకొని
మచ్చ లేని టేకు పలక మీద
ఎడాపెడా కొట్టింది మొన్న.
మొదటి దెబ్బకు కండ్లు మూసుకున్న.
పదో దెబ్బకు అలవాటైంది.
అలవాటైనందుకే భయమైంది.

"పురుగు తొలిచినట్టు బొక్కలు గూడ" అన్నది.
ఎన్ని అనడిగితే, లెక్కెందుకు అన్నది.
మిషిను తీసి నిలువున పెట్టబోయి ఆగిన.
పురుగు నిలువున తొల్వదమ్మా,
దానికి తొందరుండదు,
మెత్తటి జాగ చూసుకుంట వంకర పోతది.
వంకర పెట్టి తొలిచిన.
పనంటే పనే,
దొంగ బొక్కయినా నిజాయితీగ ఉండాలె.

నెత్తిమీద బండి గిర్ర.
చండూరుల పాతసామాన్ల దుకాణంల కొన్నరట.
పన్నెండు ఆకులు, ఆరు పూటీలు.
కమ్మి ఎర్రగ కాల్చి తొడిగి నీళ్లు గుమ్మరిస్తే
పూటీలు ఒకదాన్నొకటి కర్సుకునే చప్పుడు
నా చెవులల్ల ఇంకా ఉన్నది.
ఇప్పుడది బోర్ల పండుకొని
ఆరు బుగ్గలు మోస్తది.
సోలల చెంచాలు, మానికల కాయితపు రుమాళ్లు,
చాటకు వార్నిషు.
చాటకు వార్నిషేందని నేనడగలే.
అడిగితే నా బల్ల సంగతేమైతది?

గోడ దగ్గర కత అడ్డం తిరిగింది.
పెయింటరు జానయ్య జాజు రంగు మూడు పూతలేసిండు.
అలికినట్టు యేళ్ల గీతలు రావాలన్నది ఆమె.
బ్రష్షు పెట్టిండు, దువ్వెన పెట్టిండు,
గీతలొచ్చినయి గని చెయ్యి రాలే.
మూడోనాడు బస్సెక్కిచ్చి వాళ్లమ్మను తెచ్చిండు.

సైదమ్మ కొంగు బిగిచ్చింది,
ప్లాస్టిక్ రంగు వాసన చూసి మూతి ముడ్సింది.
నాలుగేళ్లు ముంచి
మోచెయ్యి ఎంత తిరుగుతదో అంత విల్లు గీసింది,
దాని పక్కన ఇంకోటి, కింద ఇంకోటి.
అరగంట.
ఎవరం మాట్లాడలే.
చెయ్యి కడుక్కుంట అడిగింది:
"ఈడ ఏం చేస్తరు బిడ్డా?"
"తింటరు."
"తినుడొక్కటేనా? మరి వండేది?"
"దానికి వేరే అర్ర ఉన్నది."
మల్ల గోడను ఎగాదిగా చూసి
"దీపం గూడు మర్సిండ్రు" అన్నది.

గూడు పెట్టలే.
టైం లేదు, ఆదివారం చుట్టాలొస్తున్నరు.

ఒక్క సంగతి డాక్టరమ్మకు చెప్పలే.
బల్ల అడుగుభాగం,
ఎవలూ వంగి చూడని భాగం,
రాత్రి కూసోని రందా పట్టిన.
ఒక్క గంటు లేదు. పైబొక్కలు సగంలనే ఆగినయి.
తినేటోళ్ల మోకాలు ఎప్పుడన్న తగిలితే
నునుపు తెలుస్తది.
తెల్వకున్నా మంచిదే.
మా నాయిన ముందుగాల అడుగే తడిమి చూసేటోడు.

ఇంటికొచ్చి కంచం ముందట కూసుంటే
పీట గడగడలాడింది.
"ఊరోళ్లకు బల్లలు చేస్తవు, దీని కాలు మాత్రం చెయ్యవు"
అన్నది నా భార్య, పప్పు వడ్డిచ్చుకుంట.
నల్లగొండల దీన్ని నాలుగువేలకు కొంటరే, అన్న.
"అయితే అమ్ముకరాపో" అని
అగ్గిపెట్టె అట్ట మడిచి
కాలు కింద పెట్టింది.